ఉబ్బసంలో సహజ రోగనిరోధక గ్రాహకాలు: కాపాడే గ్రాహకమే జబ్బుకు దారి ఎందుకు తీస్తుంది?

ఉబ్బసం ఉన్న పిల్లల తల్లిదండ్రులు తరచూ రెండు రకాల మాటలు వింటుంటారు. రోగనిరోధక శక్తి తక్కువగా ఉండటం వల్లే ఈ ఆయాసమని ఒకరంటారు. రోగనిరోధక శక్తి అతిగా స్పందించడమే ఉబ్బసమని మరొకరంటారు. దుమ్ము విషయంలోనూ ఇదే గందరగోళం. ఇంట్లోని దుమ్మే జబ్బుకు మూలమని ఒక వార్త వస్తుంది. దుమ్ముధూళి మధ్య పెరిగిన పిల్లలకు ఉబ్బసం తక్కువని కొద్దిరోజులకే ఇంకో వార్త కనిపిస్తుంది. ఏది నమ్మాలో పాలుపోదు.

ఈ నాలుగు మాటల వెనుకా నిఖార్సైన పరిశోధన ఉంది. అవి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నట్టు కనిపించడానికి కారణం, వాటిని విడివిడిగా వినడమే. ఈ చిక్కుముడి పడింది శ్వాసనాళాల లోపలి పొర మీదా, అక్కడ తిరిగే రక్షణ కణాల మీదా ఉండే కొన్ని ప్రొటీన్ల దగ్గర. వాటినే సహజ రోగనిరోధక గ్రాహకాలు అంటారు. ఎక్కువా, తక్కువా అన్న ఒక్క కొలతతో వాటి పనితీరు అంతుపట్టదు. ఏ కణం మీద ఉన్నాయి, ఎంత మోతాదు తగిలింది, ఏ వయసులో తగిలింది అన్నవి చూస్తేనే ముడి విడుతుంది.

## ఉబ్బసంలో జరిగేది ఏమిటి

ఉబ్బసం, అంటే ఆస్తమా, శ్వాసనాళాల దీర్ఘకాలిక వాపు. నాళాల చుట్టూ ఉండే కండరాలు సులువుగా బిగుసుకుంటాయి, లోపలి పొర వాస్తుంది, కళ్లె పేరుకుంటుంది. గాలి దారి ఇరుకై పిల్లికూతలు, దగ్గు, ఆయాసం వస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2019లో 26.2 కోట్ల మంది ఈ జబ్బుతో ఉన్నారు. ఆ ఏడాది 4,55,000 మంది దీనివల్ల చనిపోయారు.

ఎక్కువ మందిలో, ముఖ్యంగా పిల్లల్లో, ఈ వాపు వైద్యులు టైప్ 2 అని పిలిచే కోవకు చెందినది. ఇందులో ఐఎల్-4, ఐఎల్-5, ఐఎల్-13 అనే మూడు సంకేత ప్రొటీన్లది పెత్తనం. ఐఎల్-5 ఎసినోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలను పెంచుతుంది. ఐఎల్-13 కళ్లెను పెంచి, కండరాలను త్వరగా బిగుసుకునేలా చేస్తుంది. ఐఎల్-4 అలర్జీ యాంటీబాడీ అయిన ఐజీఈ తయారీకి దారి తీస్తుంది.

ఇన్‌హేలర్ స్టెరాయిడ్లు అణచేది ప్రధానంగా ఈ వాపునే. అయితే హానిచేయని దుమ్మును, పుప్పొడిని చూసి ఈ మూడు ప్రొటీన్లను విడుదల చేయాలన్న నిర్ణయం ఎక్కడ జరుగుతోంది? గ్రాహకాల కథ మొదలయ్యేది ఈ ప్రశ్న దగ్గరే.

## సహజ రక్షణ, నేర్చుకునే రక్షణ

శరీర రక్షణ వ్యవస్థలో రెండు అంచెలున్నాయి. నేర్చుకునే అంచెలో టీ కణాలు, బీ కణాలు ఉంటాయి. ఒక్కొక్క క్రిమిని ప్రత్యేకంగా గుర్తించి, జ్ఞాపకం పెట్టుకుంటాయి, కానీ రంగంలోకి దిగడానికి రోజులు పడుతుంది. రెండోది పుట్టుకతో సిద్ధంగా ఉండే సహజ అంచె. ఇది నిమిషాల్లో, గంటల్లో స్పందిస్తుంది. ఏ క్రిమి అన్నది దీనికి పట్టదు. క్రిముల్లో మాత్రమే ఉండి మన కణాల్లో లేని రసాయన నిర్మాణాల కోసం వెతుకుతుంది.

అలాంటి నిర్మాణాలను పట్టే గ్రాహకాలు ఉండితీరాలని 1989లో ఛార్లెస్ జేన్‌వే ముందుగానే ఊహించారు. అప్పటికి ఒక్కటీ దొరకలేదు. 1996లో జూల్స్ హాఫ్‌మన్ బృందం పండ్ల ఈగల్లో టోల్ అనే జన్యువు లేకపోతే అవి బూజు సోకి చనిపోతున్నాయని చూపింది. 1998లో బ్రూస్ బాయిట్లర్ బృందం, చిట్టెలుకలు బ్యాక్టీరియా విషాన్ని పసిగట్టేది టోల్‌ను పోలిన గ్రాహకంతోనేనని తేల్చింది. ఈ ఇద్దరికీ 2011లో నోబెల్ బహుమతి దక్కింది. డెండ్రైటిక్ కణాలను కనుగొన్న రాల్ఫ్ స్టైన్‌మన్ కూడా ఆ బహుమతిని పంచుకున్నారు. ఆ కణాలు ఈ కథలో కాసేపట్లో వస్తాయి.

మనుషుల్లో టోల్ తరహా గ్రాహకాలు పది ఉన్నాయి. వాటిని టీఎల్ఆర్ అంటారు. టీఎల్ఆర్-4 బ్యాక్టీరియా పైపొరలోని ఎండోటాక్సిన్‌ను, టీఎల్ఆర్-5 బ్యాక్టీరియా ఈదడానికి వాడే తోకలోని ప్రొటీన్‌ను పసిగడతాయి. 3, 7, 8 నంబర్లవి వైరస్ ఆర్ఎన్ఏను, 9వది బ్యాక్టీరియా, వైరస్‌ల డీఎన్ఏను పట్టుకుంటాయి. ఇవి కాక కణం లోపల వైరస్‌ల కోసం కాచుకునే రిగ్-ఐ, ఎండీఏ-5, బూజు గోడలను గుర్తించే డెక్టిన్ల వంటి ఇతర కుటుంబాలు కూడా ఉన్నాయి. ఉబ్బసం పరిశోధనలో అందరికన్నా ఎక్కువగా నలిగింది మాత్రం టీఎల్ఆర్-4.

## ఒక దుమ్ము రేణువు ప్రయాణం

పరుపుల్లో, దిండ్లలో కంటికి కనిపించని పురుగులు ఉంటాయి. అవి మన చర్మం నుంచి రాలే పొట్టు తిని బతుకుతాయి. వాటి విసర్జన రేణువులు దుప్పటి దులిపినప్పుడు గాల్లోకి లేచి, ఊపిరితో పాటు లోపలికి వెళతాయి. అలాంటి ఒక రేణువును వెంబడిద్దాం.

రేణువు శ్వాసనాళపు తడి పొర మీద వాలుతుంది. అందులోని డెర్ పీ 1 ప్రొటీన్లను కత్తిరించే ఎంజైము. పురుగు కడుపులో ఆహారాన్ని అరిగించిన ఎంజైమే ఇక్కడ మన కణాలను ఒకదానికొకటి గట్టిగా పట్టి ఉంచే బంధాలను తెంచుతుంది. పొరలో సందులు పడతాయి.

రెండో ప్రొటీన్ డెర్ పీ 2 చేసే పని ఇంకా విచిత్రం. టీఎల్ఆర్-4 ఎండోటాక్సిన్‌ను నేరుగా పట్టుకోలేదు. ఎండీ-2 అనే సహాయక ప్రొటీన్ ఎండోటాక్సిన్‌ను పట్టి దానికి అందించాలి. డెర్ పీ 2 నిర్మాణం ఈ ఎండీ-2ను పోలి ఉంటుంది. అది ఎండోటాక్సిన్‌ను మోసుకొచ్చి, దొంగ తాళంచెవిలా టీఎల్ఆర్-4ను తెరవగలదని 2009లో తేలింది. ఎన్నో ప్రొటీన్లుండగా కొన్నే అలర్జీ కారకాలు ఎందుకవుతాయన్న పాత ప్రశ్నకు ఈ ఫలితం ఒక జవాబు. కొన్ని అలర్జీ కారకాలు మన సహజ రక్షణ యంత్రాంగాన్ని తమంతట తామే కదిలించగలవు.

గ్రాహకం కదలగానే పొర కణాలు టీఎస్ఎల్‌పీ, ఐఎల్-33, ఐఎల్-25 అనే ప్రమాద సంకేతాలను వదులుతాయి. ఇవి రెండు వైపులకు వెళతాయి. ఒకవైపు ఐఎల్‌సీ2 అనే సహజ రక్షణ కణాలను లేపుతాయి. అవి యాంటీబాడీల కోసం, జ్ఞాపకం కోసం ఆగకుండా వెంటనే ఐఎల్-5, ఐఎల్-13లను విడుదల చేస్తాయి. మరోవైపు డెండ్రైటిక్ కణాలను హెచ్చరిస్తాయి. అవి దుమ్ము ప్రొటీన్ ముక్కలను పట్టుకుని లింఫ్ గ్రంథికి వెళ్లి, టీ కణాలకు చూపించి, ఇది టైప్ 2 శత్రువని నేర్పుతాయి. ఆపై ఐజీఈ తయారవుతుంది. మరోసారి అదే దుమ్ము తగిలితే నిమిషాల్లో ఆయాసం మొదలవుతుంది.

ఇందులో పొర కణాల పాత్ర ఎంతటిదో 2009లోనే వచ్చిన ఇంకో ప్రయోగం చూపింది. అందరి చూపూ అప్పటిదాకా రక్షణ కణాల మీదే ఉండేది. పరిశోధకులు చిట్టెలుకల ఎముక మజ్జను రేడియేషన్‌తో నాశనం చేసి, మరో చిట్టెలుక మజ్జను ఎక్కించారు. అలా రెండు గుంపులు తయారయ్యాయి. మొదటి గుంపులో రక్తం నుంచి పుట్టే కణాల మీద టీఎల్ఆర్-4 ఉంది, ఊపిరితిత్తుల పొర మీద లేదు. రెండో గుంపులో పొర మీద ఉంది, రక్తకణాల మీద లేదు. ఇద్దరికీ దుమ్ము పురుగుల సారాన్ని పీల్పించారు. ఉబ్బసం లాంటి వాపు వచ్చింది రెండో గుంపుకే. అలర్జీకి బీజం వేసే నిర్ణయం చాలావరకు పొర దగ్గరే జరుగుతోందన్నమాట.

అయితే సంకేతాలు విడుదల కావడానికి టీఎల్ఆర్-4 ఒక్కటే దారి కాదు. ఆల్టర్నేరియా అనే బూజు ఎంజైముల ధాటికే పొర కణాలు ఐఎల్-33ను వదులుతాయి. పొగ, వాయు కాలుష్యం, వైరస్‌లు కూడా అదే పని చేయగలవు. మనుషుల జన్యువుల్లో ఉబ్బసంతో గట్టి సంబంధం కనిపించిన చోట్లలో ఐఎల్-33, దాని గ్రాహకం, టీఎస్ఎల్‌పీ జన్యువులు ఉన్నాయి. కాబట్టి ఇదంతా చిట్టెలుకలకే పరిమితమైన కథని కొట్టిపారేయలేం.

## మరి పశువుల కొట్టాల దగ్గర పెరిగిన పిల్లల మాటేమిటి

ఇక్కడే కథ అడ్డం తిరుగుతుంది. పశువులు, గడ్డి, పేడ ఉన్నచోట దుమ్ములో ఎండోటాక్సిన్ పుష్కలంగా ఉంటుంది. టీఎల్ఆర్-4 కదలడమే ఉబ్బసానికి దారి అయితే అక్కడి పిల్లలు అందరికన్నా ఎక్కువగా బాధపడాలి. జరుగుతున్నది దానికి విరుద్ధం.

1989లో డేవిడ్ స్ట్రాకన్, ఎక్కువ మంది తోబుట్టువులున్న పిల్లల్లో అలర్జీ జలుబు తక్కువగా ఉండటాన్ని గమనించి, చిన్నతనంలో అంటువ్యాధులు రక్షణ ఇస్తాయేమోనని ప్రతిపాదించారు. 2002లో జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ గ్రామీణ ప్రాంతాల్లో 812 మంది పిల్లల పరుపుల దుమ్మును పరీక్షించారు. ఎండోటాక్సిన్ ఎక్కువగా ఉన్న పరుపుల మీద పడుకునే పిల్లల్లో అలర్జీ జలుబు, అలర్జీతో కూడిన ఉబ్బసం తక్కువగా కనిపించాయి. అలర్జీతో సంబంధం లేని పిల్లికూతలు మాత్రం తగ్గలేదు. వార్తల్లో సాధారణంగా జారిపోయే ఈ చివరి మాటను గుర్తుంచుకోవాలి.

2016లో అమెరికాలోని ఆమిష్, హటరైట్ సమాజాల పోలిక వెలువడింది. రెండూ మధ్య యూరప్ నుంచి వలస వచ్చినవే. జన్యుపరంగా దగ్గర, తిండీ కుటుంబ పరిమాణమూ ఇంచుమించు ఒకటే. తేడా సేద్యంలో ఉంది. ఆమిష్‌లవి గుర్రాలతో నడిచే చిన్న కుటుంబ కమతాలు, పిల్లలు కొట్టాల్లో ఆడుకుంటారు. హటరైట్లవి యంత్రాలతో నడిచే పెద్ద ఉమ్మడి క్షేత్రాలు. ఆమిష్ పిల్లల్లో ఉబ్బసం 5.2 శాతం, హటరైట్ పిల్లల్లో 21.3 శాతం. ఆమిష్ ఇళ్ల దుమ్ములో ఎండోటాక్సిన్ 6.8 రెట్లు ఎక్కువ.

పరిశోధకులు ఆ దుమ్మును చిట్టెలుకల మీద ప్రయోగించారు. ఆమిష్ ఇళ్ల దుమ్ము వాటిని అలర్జీ వాపు నుంచి కాపాడింది, హటరైట్ ఇళ్ల దుమ్ము కాపాడలేదు. టోల్ గ్రాహకాల సంకేతాన్ని కణం లోపలికి మోసే మైడీ88, ట్రిఫ్ అనే రెండు ప్రొటీన్లు లేని చిట్టెలుకల్లో మాత్రం ఆమిష్ దుమ్ము కూడా పనిచేయలేదు. అంటే ఆ రక్షణ అందింది ఈ గ్రాహకాల ద్వారానే.

## మోతాదు, సమయం, వ్యక్తి

ఒకే గ్రాహకం జబ్బుకూ రక్షణకూ ఎలా కారణమవుతుంది? ఇప్పటిదాకా దొరికిన వివరణల్లో మూడు బలమైనవి.

మొదటిది మోతాదు. 2002లో జరిగిన ఒక ప్రయోగంలో చిట్టెలుకలకు గుడ్డు ప్రొటీన్‌ను పీల్పించారు. ఎండోటాక్సిన్ పూర్తిగా తీసేసి ఇస్తే అలర్జీ రాలేదు. 0.1 మైక్రోగ్రాము ఎండోటాక్సిన్ కలిపి ఇస్తే ఉబ్బసం లాంటి టైప్ 2 స్పందన వచ్చింది. అదే 100 మైక్రోగ్రాములు కలిపితే టైప్ 2 జాడ లేదు, బ్యాక్టీరియాను ఎదుర్కొనే మరో తరహా స్పందన వచ్చింది. ప్రొటీన్ అదే, గ్రాహకం అదే. మోతాదు వెయ్యి రెట్లు మారేసరికి శరీరం పూర్తిగా వేరే తీర్పు ఇచ్చింది.

రెండోది సమయం. 2015లో వచ్చిన అధ్యయనంలో చిట్టెలుకలకు దుమ్ము పురుగుల కంటే ముందే, కొద్ది కొద్దిగా, పదేపదే ఎండోటాక్సిన్ గానీ పశువుల కొట్టాల దుమ్ము గానీ ఇచ్చారు. అవి తర్వాత అలర్జీ బారిన పడలేదు. కారణం ఏ20 అనే ఎంజైము. గ్రాహకం పదేపదే కదిలినప్పుడు పొర కణాలు ఏ20ను పెంచుకుంటాయి, అది ఆ సంకేతాన్నే లోపలి నుంచి తగ్గిస్తుంది. ఊపిరితిత్తుల పొరలో ఏ20 లేకుండా చేసిన చిట్టెలుకలకు కొట్టాల దుమ్ము ఏ మేలూ చేయలేదు. మనుషుల్లోనూ ఉబ్బసం ఉన్నవారి పొర కణాల్లో ఏ20 తక్కువగా కనిపించింది. వినడానికి చిన్న సంగతిలా ఉన్నా, నా దృష్టిలో ఈ రంగంలో అన్నిటికన్నా వెలుగునిచ్చిన ఫలితం ఇదే. గ్రాహకాన్ని కదిలించే అలవాటే దాని జోరును తగ్గించడం నేర్పుతోంది.

మూడోది వ్యక్తి. ఎండోటాక్సిన్‌ను టీఎల్ఆర్-4 దగ్గరికి చేర్చే సీడీ14 అనే ప్రొటీన్ జన్యువులో ఒక్క అక్షరం తేడా ఉన్నవాళ్లు ఉంటారు. పరిసరాల్లో ఎండోటాక్సిన్ తక్కువగా ఉన్నప్పుడు ఒక రూపం, ఎక్కువగా ఉన్నప్పుడు మరో రూపం మేలు చేస్తున్నట్టు కొన్ని అధ్యయనాల్లో కనిపించింది. మంచి జన్యువు, చెడ్డ జన్యువు అని ముద్ర వేయడానికి వీల్లేదు.

ఇదంతా ముగ్గురు వ్యక్తులకు అన్వయించి చూద్దాం. ముగ్గురూ ఎండోటాక్సిన్ బాగా ఉన్న దుమ్మునే పీలుస్తున్నారనుకుందాం. మొదటిది పుట్టినప్పటి నుంచి పశువుల మధ్య పెరుగుతున్న పసిపాప. ఆమె శ్వాసనాళపు పొర ఏ అలర్జీ రాకముందే నెమ్మదించడం నేర్చుకునే అవకాశం ఉంది. రెండోవాడు దుమ్ము పురుగుల అలర్జీ ఇప్పటికే స్థిరపడిన పదేళ్ల బాలుడు. అతనికి అదే దుమ్ము వాపును ఎగదోస్తుంది. ఉబ్బసం ఉన్నవారికి ఎండోటాక్సిన్ శ్వాసనాళాలను బిగించగలదన్నది పరీక్షల్లో రుజువైన విషయం. మూడోవ్యక్తి పత్తి దుమ్ములో ఏళ్ల తరబడి పనిచేసిన కార్మికుడు. అతనికి ఏ అలర్జీ లేకపోయినా ఛాతీ పట్టేయవచ్చు, ఊపిరితిత్తుల సామర్థ్యం తగ్గవచ్చు. ఉబ్బసం ఉన్న బిడ్డను మట్టిలో, కొట్టంలో వదిలితే నయమవుతుందన్న సలహా ఎంత ప్రమాదకరమో ఆ రెండో బాలుణ్ని చూస్తే తెలుస్తుంది.

## జలుబు చేస్తే ఆయాసం ఎందుకు ముదురుతుంది

బడి వయసు పిల్లల్లో ఉబ్బసం ఉద్ధృతమైనప్పుడు పరీక్షిస్తే, పదింట ఎనిమిది సందర్భాల్లో ఏదో ఒక శ్వాసకోశ వైరస్ దొరుకుతుంది. వాటిలో ముందువరుసలో ఉండేది మామూలు జలుబు తెచ్చే రైనోవైరస్. ఇంట్లో అందరికీ అదే జలుబు చేసినా, ఆసుపత్రి దాకా వెళ్లేది ఉబ్బసం ఉన్న బిడ్డే.

వైరస్ పొర కణంలోకి దూరగానే టీఎల్ఆర్-3, రిగ్-ఐ, ఎండీఏ-5 వంటివి దాని ఆర్ఎన్ఏను పసిగట్టి ఇంటర్‌ఫెరాన్లను విడుదల చేయిస్తాయి. పొరుగు కణాలను అప్రమత్తం చేసి వైరస్‌ను కట్టడి చేసేవి ఇవే. 2005లో, 2006లో వెలువడిన రెండు అధ్యయనాలు ఉబ్బసం ఉన్నవారి కణాలు రైనోవైరస్‌కు తక్కువ ఇంటర్‌ఫెరాన్ విడుదల చేస్తున్నాయని చూపాయి. రోగనిరోధక శక్తి తక్కువన్న మాటలో నిజం ఉన్నది ఈ మేరకే.

దీనిపై ఏకాభిప్రాయం లేదు. జబ్బు అదుపులో ఉన్నవారి కణాల్లో ఇంటర్‌ఫెరాన్ మామూలుగానే ఉందని చెప్పిన అధ్యయనాలూ ఉన్నాయి. లోపం పుట్టుకతో వచ్చిందని ఒక వర్గం అంటుంది. అలర్జీ వాపే గ్రాహకాలను నొక్కేస్తోందని ఇంకో వర్గం వాదిస్తుంది. రెండో వాదానికి గట్టి ఆధారం ఐజీఈని అడ్డుకునే ఒమాలిజుమాబ్ మందు నుంచి వచ్చింది. 2011లో అమెరికా నగరాల పిల్లలపై జరిగిన పరీక్షలో ఈ మందు తీసుకున్నవారిలో ఆకురాలు కాలంలోనూ వసంతంలోనూ ఉబ్బసం ముదిరే ఉద్ధృతి దాదాపు కనిపించలేదు. 2015 నాటి మరో పరీక్షలో, ఆ మందు వాడిన పిల్లల రక్తకణాలు రైనోవైరస్‌కు ఎక్కువ ఇంటర్‌ఫెరాన్ విడుదల చేశాయి. ఐజీఈ భారం తగ్గగానే వైరస్ గ్రాహకాలు కోలుకున్నాయన్న వాదనకు ఇది బలమిస్తుంది.

మరైతే ఇంటర్‌ఫెరాన్‌నే మందుగా ఇస్తే? జలుబు మొదలవగానే దాన్ని పీల్చే రూపంలో ఇచ్చి చూశారు. 2014లో వెలువడిన ఫలితాల్లో అందరినీ కలిపి లెక్కిస్తే లక్షణాల్లో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. జబ్బు తీవ్రంగా ఉన్న ఉపవర్గంలో మాత్రం మేలు కనిపించింది. ఉపవర్గాల్లో కనిపించే మేలు ఆశను రేపుతుంది కానీ రుజువు కిందికి రాదు.

## స్టెరాయిడ్‌కు లొంగని రకం

కొందరి శ్వాసనాళాల్లో ఎసినోఫిల్స్ బదులు న్యూట్రోఫిల్స్ అనే కణాలు గుమిగూడతాయి. వీరిలో టీఎల్ఆర్-4, కణం లోపల ఉండే ఎన్ఎల్ఆర్‌పీ3 అనే గ్రాహకం, అవి విడుదల చేయించే ఐఎల్-1 బీటా ఎక్కువగా పనిచేస్తున్నట్టు ఆధారాలున్నాయి. స్టెరాయిడ్లకు ఈ రకం సరిగా లొంగదు. టైప్ 2 కథ ఇక్కడ వర్తించదు కాబట్టి, గ్రాహకాల గురించి ఏ వాదన విన్నా అది ఏ రకం ఉబ్బసం గురించో ముందు తేల్చుకోవాలి.

## మందుల పరీక్షలు చెప్పినది

గ్రాహకాల జ్ఞానాన్ని మందుగా మార్చే ప్రయత్నాలు రెండు దారుల్లో నడిచాయి. మొదటిది గ్రాహకాన్ని కావాలని కదిలించడం. టీఎల్ఆర్-9ను ప్రేరేపిస్తే టైప్ 2 వాపు వెనక్కి తగ్గుతుందని చిట్టెలుకల్లో తేలింది. మనుషుల్లో 2013లో వచ్చిన ఒక చిన్న పరీక్ష ఆశాజనకంగానే కనిపించింది. 2015లో అదే మందుపై పెద్ద పరీక్ష ఫలితాలు వచ్చేసరికి ఉబ్బసం అదుపులో ఏ మెరుగుదలా లేదు. ఏ20 ఫలితాన్ని గుర్తు తెచ్చుకుంటే ఇందులో మరీ ఆశ్చర్యం లేదు. అలర్జీ రాకముందు పనిచేసే పాఠం, వాపు స్థిరపడ్డ పెద్దవారిలో పనిచేయాలని ఏముంది?

రెండో దారి, గ్రాహకాన్ని వదిలేసి అది పంపే ప్రమాద సంకేతాన్ని అడ్డుకోవడం. టెజెపెలుమాబ్ అనే ఇంజెక్షన్ టీఎస్ఎల్‌పీని కట్టడి చేస్తుంది. తీవ్రమైన ఉబ్బసం ఉన్న 1,061 మందిపై 52 వారాలు జరిగిన పరీక్ష ఫలితాలు 2021లో వెలువడ్డాయి. జబ్బు ముదిరిన సందర్భాలు మందు తీసుకున్నవారిలో ఏడాదికి సగటున 0.93, ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలో 2.10. అంటే తగ్గుదల సగానికి పైనే. రక్తంలో ఎసినోఫిల్స్ మైక్రోలీటరుకు 300 కంటే తక్కువ ఉన్నవారిలోనూ ఆ సంఖ్యలు 1.02, 1.73గా వచ్చాయి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అదే ఏడాది డిసెంబరులో దీన్ని ఆమోదించింది.

ఎసినోఫిల్స్ తక్కువగా ఉన్నవారికీ మేలు జరగడం, ఐఎల్-5 లాంటి దిగువ సంకేతాలకన్నా పొర దగ్గర పుట్టే ఎగువ సంకేతాన్ని ఆపడం ఎక్కువ మందికి వర్తిస్తుందన్న వాదానికి ఊతమిచ్చింది. అయినా 0.93 అంటే సున్నా కాదు. ఐఎల్-33, ఇతర దారులు తెరిచే ఉన్నాయని కొందరంటారు. న్యూట్రోఫిల్ రకం రోగుల్లో సమస్య వేరే చోట ఉందని మరికొందరంటారు. ఇంకో వర్గం అసలు దృష్టి మందుల మీద కాకుండా జీవితపు తొలి ఏడాది మీద ఉండాలని, కొట్టాల దుమ్ములో రక్షణనిచ్చే పదార్థాలను వేరుచేసి పసిపిల్లలకు సురక్షితంగా అందించే మార్గం వెతకాలని వాదిస్తోంది. ఈ మూడు వాదాల్లో ఏదీ రోగనిరోధక శక్తిని గంపగుత్తగా పెంచమని అనడం లేదు. ఉబ్బసం తగ్గిస్తామంటూ ఇమ్యూనిటీ పెంచే పొడులు, మాత్రలు అమ్మేవారు ఏ గ్రాహకాన్ని, ఏ కణం మీద, ఏ వయసులో కదిలిస్తున్నారో చెప్పగా నేనింతవరకు చూడలేదు.